బండి సంగతులు: షెల్బీ, జీటీఓ, హెమీ – మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో అమెరికా ఫోర్డ్ వాళ్ల పాత మస్టాంగ్ కారు గురించి నాలుగు ముక్కలు రాస్తే బరంపురం నుంచి మల్కన్‌గిరి దాకా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఒకే రకం ప్రశ్నలన్నీ కలిపేసి జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయలేదు, ఊర్లు మాత్రమే వేశాను.

ప్రశ్న: సర్, షెల్బీ మస్టాంగ్ అంటే మామూలు మస్టాంగ్‌కే తెల్ల రంగు కొట్టి, నీలం చారలు వేసి, ఎక్కువ రేటుకి అమ్మడమే కదా? ఇదే మాట మీద ఫ్రెండ్స్‌తో పందెం కాశాను. – డిప్లొమా మెకానికల్ విద్యార్థి, బరంపురం

పందెం పోయింది తమ్ముడూ. కానీ అడిగింది మంచి ప్రశ్న, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఫోర్డ్ వాళ్లు 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో మస్టాంగ్‌ని బయటపెట్టారు. చూడటానికి స్పోర్ట్స్ కారే, కింద దూరి చూస్తే మాత్రం చాలా భాగాలు ఫాల్కన్ అనే ఫ్యామిలీ కారువి. జనం ఎగబడి కొన్నారు, కానీ రేసులు చూసేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అప్పుడు ఫోర్డ్ వాళ్లు కారోల్ షెల్బీ దగ్గరికి వెళ్లారు. ఆయన 1959లో ఆస్టన్ మార్టిన్ నడిపి లె మాన్స్ 24 గంటల రేసు గెలిచినవాడు, గుండె జబ్బు వల్ల రేసులు మానేసి కార్లు తయారుచేయడం మొదలుపెట్టాడు. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా రూల్ ప్రకారం వాళ్ల స్పోర్ట్స్ కార్ల రేసుల్లో పరుగెత్తాలంటే అది రెండు సీట్ల కారై ఉండాలి, కనీసం వంద బండ్లు తయారై ఉండాలి. ఆ రూల్ కోసం పుట్టిందే 1965 జీటీ350. వెనక సీటు తీసేసి, ఆ చోట ఫైబర్ గ్లాస్ పలక పరిచి, దాని మీద స్టెప్నీ పెట్టారు. అలా నాలుగు సీట్ల కారు రెండు సీట్లదైంది.

ఇంజిన్ వీ8, అంటే వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు. సైజు 289 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో 4.7 లీటర్లు. ఫోర్డ్ ఇచ్చినప్పుడు 271 హెచ్‌పీ (హార్స్‌పవర్) ఉండేది. షెల్బీ వాళ్లు పెద్ద హోలీ కార్బురేటర్, గాలి లోపలికి తెచ్చే అల్యూమినియం ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్, పొగ బయటికి పంపే గొట్టాల హెడర్లు పెట్టి 306కి తెచ్చారు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి మిగతాది పట్టించుకోరు, అసలు సంగతి మిగతాదాంట్లోనే ఉంది. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, కోనీ షాక్ అబ్జార్బర్లు, వెనక యాక్సిల్ మెలితిరిగి ఎగరకుండా పట్టి ఉంచే ట్రాక్షన్ బార్లు, రెండు వెనక చక్రాలూ కలిసి తిరిగేలా లాకింగ్ డిఫరెన్షియల్, ముందు సస్పెన్షన్ టవర్ల మధ్య అడ్డంగా ఒక గట్టి రాడ్డు, మొదటి బండ్లలో అయితే బరువు వెనక్కి వెళ్లాలని బ్యాటరీని తీసుకెళ్లి డిక్కీలో పెట్టారు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ముందు చక్రాన్ని బండికి కలిపే చేతుల్లాంటి ఆర్మ్‌లలో పైదాన్ని బిగించే చోటు చూడండి. ఆ బోల్టుల కోసం ఒక అంగుళం కిందికి కొత్త బెజ్జాలు వేశారు, అంతే. కొత్త పార్టు ఒక్కటీ లేదు, డ్రిల్లు పని. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటివైపు చక్రం పైభాగం బయటికి వాలిపోయి టైరు అంచు మీద నడుస్తుంది, పట్టు పోతుంది. ఆర్మ్ అంగుళం కిందికి దిగితే అదే ఒరుగుడులో ఆ పైభాగం లోపలికి లాగబడి టైరు మొత్తం రోడ్డుకి ఆని ఉంటుంది. మీ కాలేజీ వర్క్‌షాప్‌లో అట్టముక్కలు కోసి, గుండుసూదులు గుచ్చి మోడల్ చేసి చూడండి, పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

1965లో తయారైనవి 562 బండ్లే. మరుసటి ఏడు కాస్త మెత్తబరిచి వెనక సీటు కూడా ఇచ్చారు, హెర్ట్జ్ కంపెనీ అద్దెకి తిప్పడానికి వెయ్యి దాకా కొన్నది, నలుపు మీద బంగారు చారలవి ఎక్కువ. 1967లో జీటీ500 వచ్చింది, 428 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, రెండు కార్బురేటర్లు. అందరి గోడల మీదా అదే పోస్టరు ఉంటుంది. ఇంజిన్ పెద్దది, ముందు బరువూ పెరిగింది. నన్నడిగితే 1965 బండే.

ప్రశ్న: ఈ పెద్ద ఇంజిన్ల పిచ్చి మొదలుపెట్టింది ఎవరు? – రాయగడ

వెతికితే ఇంకా పాతవి దొరుకుతాయి కానీ మార్కెట్‌ని ఊపేసింది మాత్రం 1964 పాంటియాక్ జీటీఓ. జనరల్ మోటార్స్ 1963లో తన కంపెనీలన్నిటినీ రేసులు మానుకోమంది. మధ్య సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకి మించిన ఇంజిన్ పెట్టకూడదని కూడా రూలుండేది. పాంటియాక్‌లో చీఫ్ ఇంజినీరుగా ఉన్న జాన్ డిలోరియన్, ఆయన కింద పనిచేసే ఇంజినీర్లు ఆ రూల్లో ఒక సందు కనిపెట్టారు. రూలు మోడల్‌కే కానీ మోడల్ మీద ఇచ్చే ఆప్షన్‌కి కాదు! టెంపెస్ట్ కుటుంబంలో లెమాన్స్ అని ఒక కారుంది, దానికి 300 డాలర్లకి కాస్త తక్కువలో జీటీఓ అనే ప్యాకేజీ పెట్టి, పెద్ద కార్లలో వాడే 389 ఇంజిన్ దించేశారు. నాలుగు బ్యారెళ్ల (గాలి పోయే గొట్టాల) కార్బురేటర్ ఒకటి ఉంటే 325 హెచ్‌పీ, రెండేసి బ్యారెళ్లవి మూడు ఉంటే 348.

ఐదు వేలు అమ్ముడైతే గొప్ప అనుకున్నారు, మొదటి ఏడాదే 32 వేలు దాటింది. ఇక జనరల్ మోటార్స్‌లోని మిగతా కంపెనీలు ఊరుకుంటాయా? ఓల్డ్స్‌మొబీల్ 442, బ్యూయిక్ గ్రాన్ స్పోర్ట్, షెవర్లే వాళ్ల షెవెల్ ఎస్ఎస్, వరసపెట్టి దిగాయి.

కానీ బ్రేకులు చూడండి, మొదటి జీటీఓలకి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఆరున్నర లీటర్ల ఇంజిన్, ఫ్యామిలీ కారు డ్రమ్ములు. తిన్నటి రోడ్డు మీద సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి దూకడానికి అద్భుతం, కానీ ఆ బండేసుకుని కోరాపుట్ నుంచి పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగమంటే నేను దిగను. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది, లైనర్ పట్టు వదిలేస్తుంది, పెడల్ నేలకి తగులుతుంది. మన ఘాట్ రోడ్ల మీద లారీ నడిపినవాళ్లకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: షెవర్లే కార్వెట్‌లో 454 ఇంజిన్‌కి 1971లో 365 హెచ్‌పీ అని, 1972లో 270 అని చదివాను. ఒక్క ఏడాదిలో అంత తగ్గించేశారా? – లెక్చరర్, పర్లాకిమిడి

లేదండి, ఇంజిన్ దాదాపు అదే, కొలిచే పద్ధతి మారింది. అంతకుముందు ఇంజిన్‌ని ఒక్కదాన్నే బల్ల మీద బిగించి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ఆల్టర్నేటర్, ఫ్యాన్ లాంటివి లేకుండా పరీక్షించి రాసేవాళ్లు. దాన్ని గ్రాస్ లెక్క అంటారు. 1972 నుంచి కంపెనీలు నెట్ లెక్కకి మారాయి, అంటే కార్లో ఎలా ఉంటుందో అలా అన్నీ తగిలించి కొలవడం. దానికి ఒక ఏడాది ముందే, 1971లో, సీసం తక్కువున్న పెట్రోలుకి పనికొచ్చేలా జనరల్ మోటార్స్ కంప్రెషన్ (పిస్టన్ గాలిని, పెట్రోలుని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క) తగ్గించింది. అది నిజంగా పోయిన బలం, కానీ ఆ 365 అనేది కంప్రెషన్ తగ్గాక రాసిన అంకే కాబట్టి మీరడిగిన 365కి, 270కి తేడా అంతా కొలతదే.

కాబట్టి 1970 షెవెల్ ఎల్ఎస్6 ఇంజిన్ 450 హెచ్‌పీ అని చూసి, ఇవాళ్టి కారు 450తో పక్కపక్కన పెట్టి పోల్చకండి. అలాగని పాత అంకెలన్నీ ఎక్కువ చేసి రాసినవీ కావు, కొన్ని కావాలని తగ్గించి రాసినవి. 1967 కమారో జెడ్/28 దానికి మంచి ఉదాహరణ. ట్రాన్స్-యామ్ అనే అమెరికా రేసుల్లో ఇంజిన్ 5 లీటర్లు, అంటే 305 క్యూబిక్ అంగుళాలు దాటకూడదు. షెవర్లే ఇంజినీర్లు 327 ఇంజిన్ బ్లాకులో 283 ఇంజిన్ క్రాంక్ వేశారు, 4 అంగుళాల బోరు (సిలిండర్ వెడల్పు), 3 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), సరిగ్గా 302 వచ్చింది. స్ట్రోకు చిన్నది కాబట్టి ఎక్కువ తిప్పినా తట్టుకునేది. పుస్తకంలో 290 అని రాశారు, నిజం దానికంటే బాగా ఎక్కువని ఆ ఇంజిన్ విప్పినవాళ్లందరూ చెబుతారు. మొదటి ఏడాది 602 బండ్లే అమ్ముడుపోయాయి. 1969లో పోటీగా ఫోర్డ్ బాస్ 302 తెచ్చింది, దాని మీదా 290 అనే రాశారు, చూశారా!

ఈ రెండూ నా దృష్టిలో షెల్బీ తర్వాత అసలైన బండ్లు. ఎందుకంటే రేసు రూలు వల్ల ఇంజిన్ సైజు పెంచే దారి లేదు, ఇక మలుపు, బ్రేకు, స్టీరింగు మీద బుర్ర పెట్టక తప్పలేదు. జెడ్/28 కొంటే ముందు డిస్క్ బ్రేకులు తప్పనిసరి, క్విక్ స్టీరింగ్ ప్యాకేజీలోనే ఉండేది.

ప్రశ్న: హెమీ అంటే ఏమిటి? అంత గొప్పా? – గుణుపురం

సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్డులో మంట మండే గది సగం బంతి (ఇంగ్లీషులో హెమిస్ఫియర్) ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. గది గుండ్రంగా ఉంటే లోపలికి వెళ్లే వాల్వ్ ఒకవైపు, బయటికి వచ్చే వాల్వ్ ఎదురువైపు వాల్చి పెట్టొచ్చు, రెండూ పెద్దవిగా పెట్టొచ్చు, గాలి అడ్డం లేకుండా ఇటు నుంచి అటు పోతుంది. ప్లగ్గు దాదాపు నడిమధ్యలో కూర్చుంటుంది. నష్టం ఏమిటంటే హెడ్డు పెద్దది, బరువెక్కువ, ఖర్చెక్కువ.

క్రైస్లర్ 426 హెమీ 1964 డేటోనా 500 రేసులో దిగి మొదటి మూడు స్థానాలూ పట్టుకుపోయింది, గెలిచింది క్రైస్లర్ వాళ్లదే అయిన ప్లిమత్ కారులో రిచర్డ్ పెట్టీ. ఇది జనానికి అమ్మే ఇంజిన్ కాదని, ఆ రేసులు నడిపే నాస్కార్ సంస్థ 1965కి దాన్ని కట్టడి చేసింది, అందుకే 1966లో రోడ్డు కార్లలో పెట్టి అమ్మారు, 425 హెచ్‌పీ అని రాసి. గొప్పదే, సందేహం లేదు.

ప్రశ్న: వెనక అంత ఎత్తున రెక్క, ముందు కోసు ముక్కు ఉన్న కారు ఫొటో చూశాను. నిజంగా రోడ్డు మీద అమ్మారా? – రాయగడ

అమ్మారు. 1969 డాడ్జ్ చార్జర్ డేటోనా, మరుసటి ఏడు ప్లిమత్ సూపర్‌బర్డ్. రేసులో వాడాలంటే అలాంటివి 500 అమ్మాలని రూలు, డాడ్జ్ 500కి రెండు మూడు పైన చేసి ఆపేసింది. 1970 మార్చి 24న టల్లడేగాలో బడ్డీ బేకర్ డేటోనా మీద గంటకి 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్లకి పైగా, దాటించాడు. 1971కి నాస్కార్ ఈ రెక్కల బండ్లకి 305 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ మాత్రమే అనేసరికి కథ ముగిసింది.

ప్రశ్న: మా తాతగారి ప్లిమత్ సెవాయ్, 1950లలోది, షెడ్డులో ఉంది. ఇంజిన్ పట్టేసింది. మీరు రాసే హెమీ ప్లిమత్, ఇదీ ఒకే కంపెనీయా? మా మెకానిక్ ఇంజిన్ తీసేసి ఏదైనా పెద్ద డీజిల్ ఇంజిన్ గానీ, బయటి నుంచి తెప్పించి వీ8 గానీ వేద్దామంటున్నాడు. – జయపురం

ఒకే కంపెనీయే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు క్రైస్లర్‌తో ఒప్పందం చేసుకుని డాడ్జ్, డిసోటో, ప్లిమత్ కార్లు ఇక్కడే బిగించి అమ్మేవాళ్లు. అదే ప్రీమియర్ తర్వాత మనందరికీ తెలిసిన పద్మిని చేసింది. ప్లిమత్‌కి మొదటి వీ8 వచ్చింది 1955 మోడల్‌తో, అంతకుముందు ఇరవై ఏళ్లకి పైగా ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్. మీరు రాసిన వివరాలు చూస్తే మీదీ అదేనని తెలుస్తోంది. వాల్వులు హెడ్డులో కాకుండా బ్లాకులో పక్కన ఉంటాయి, నెమ్మదిగా తిరిగి గట్టిగా లాగుతుంది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

దయచేసి ఆ ఇంజిన్ మార్చకండి. పట్టేసిందంటే చచ్చిపోయిందని కాదు. ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండర్‌లో డీజిల్, ఇంజిన్ ఆయిలు కలిపి పోసి, కొన్ని రోజులు నాననివ్వండి. తర్వాత చేత్తో మెల్లగా తిప్పించండి, ముందుకి కొంచెం, వెనక్కి కొంచెం. సెల్ఫ్ కొట్టడం, బండిని గేరులో వేసి తోయడం మాత్రం వద్దు, రింగులు విరుగుతాయి, ఒక్కోసారి వాల్వు వంగుతుంది. అప్పటికీ కదలకపోతే హెడ్డు తీయండి, ఫ్లాట్‌హెడ్‌కి హెడ్డు తీయడం చాలా తేలిక, పైన మూతలాంటిదే కదా. బోరు గీతలు పడి ఉంటే బరంపురంలోనో విశాఖపట్నంలోనో మంచి లేత్ షాపులో రీబోరింగ్ చేయించండి.

ఇంకో పెద్ద కారణం ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి నంబరు ప్లేటులో వీఏ అక్షరాలతో నంబరిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5 వేలు. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి కాదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకెళ్లొచ్చు. మీ మెకానిక్ చెప్పినట్టు డీజిల్ ఇంజిన్ దించారంటే ఈ అవకాశం చేజేతులా పోగొట్టుకున్నట్టే. తాతగారి ఆర్సీ పుస్తకం, పాత ట్యాక్సు రసీదులు, ఇన్సూరెన్స్ కాగితాలు ఏవి దొరికితే అవి ఇప్పుడే ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, చెదలు పట్టకముందు.

వీ8 మాట కూడా చెప్పేస్తాను. మీ బండి బ్రేకులు, యాక్సిల్, స్టీరింగ్ అన్నీ సుమారు వంద హెచ్‌పీ ఇంజిన్ కోసం చేసినవి. దానికి రెండొందల హెచ్‌పీ తగిలిస్తే పికప్ వస్తుంది, ఆపడం రాదు. పైన బరంపురం తమ్ముడికి రాసిన జవాబు మీ మెకానిక్‌కి చదివి వినిపించండి, షెల్బీ వాళ్లు 35 హెచ్‌పీ పెంచడానికి ఎన్ని పనులు చేశారో అతనికీ అర్థమవుతుంది.

ప్రశ్న: ఆ కాలం కార్లు మన పెట్రోలు మీద నడుస్తాయా? – కోరాపుట్

జయపురం వారి ఫ్లాట్‌హెడ్ హాయిగా నడుస్తుంది, దాని కంప్రెషన్ ఏడు దగ్గర ఉంటుంది. హెమీకి పది దాటింది, షెవెల్ ఎల్ఎస్6కి పదకొండు దాటింది. వాటికి 91 ఆక్టేన్ (పెట్రోలు తనంతట తాను ముందే మండకుండా తట్టుకునే శక్తికి అంకె) పెట్రోలు పోస్తే ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్, అంటే లోపల టకటక కొట్టుకోవడం, మొదలై పిస్టన్లకి బెజ్జాలు పడతాయి. 95 పోసి ప్లగ్గు మంట టైమింగ్ కాస్త వెనక్కి తిప్పాలి, పెద్ద నగరాల్లో 100 కూడా దొరుకుతోంది. అమెరికా బంకులో 93 అని ఉంటే అది మన లెక్కలో 97, 98తో సమానం, వాళ్లు రెండు పద్ధతుల సగటు రాస్తారు, ఇది తెలియక చాలామంది తికమకపడతారు.

రెండో సంగతి సీసం. పాత పెట్రోల్లో కలిపే సీసం వాల్వు కూర్చునే సీటు మీద పొరలా పట్టి అరుగుదల ఆపేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం పూర్తిగా ఆపేశారు. కాబట్టి హెడ్డు తీసినప్పుడే గట్టి స్టీలు సీట్లు వేయించుకోవాలి.

మూడోది ఇథనాల్, ఇదే ఎక్కువ ఇబ్బంది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా కలుస్తోంది. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం ఉబ్బి చీలతాయి, నీటిని పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకు లోపల తుప్పు. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి మార్పించండి. వానాకాలం నెలల తరబడి బండి కదలదనుకుంటే ట్యాంకు, కార్బురేటర్ రెండూ ఖాళీ చేసి పెట్టండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు పాత కారొకటి కొంటున్నాడు, ఒరిజినల్ జీటీఓ అని ఒకరు, ఎస్ఎస్ షెవెల్ అని ఇంకొకరు చూపిస్తున్నారట. మోసపోకుండా ఏం చూడమంటారు? – రిటైర్డ్ టీచర్, మల్కన్‌గిరి

మాస్టారూ, బ్యాడ్జీలు, చారలు, సీట్లు అస్సలు చూడొద్దని చెప్పండి, అవన్నీ కొత్తవి తయారుచేసి అమ్ముతున్నారు. ముందు ఛాసిస్ నంబరు, తర్వాత కాగితాలు, ఆ తర్వాతే బండి.

జీటీఓ అయితే 1966 నుంచి నంబరు 242తో మొదలవుతుంది. 1964, 65 బండ్లకి మాత్రం నంబరు చూసి జీటీఓ అవునో కాదో చెప్పలేం, అప్పటికి అది ఆప్షనే కదా. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థ పాత ఫ్యాక్టరీ బిల్లుల నకళ్లు ఇస్తుంది, అది తెప్పించుకోకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. షెవెల్ ఇంకా కష్టం, 1969 నుంచి 71 దాకా షెవెల్ నంబర్లు ఇంజిన్ గురించి ఆరు సిలిండర్లా, వీ8నా అన్నంతవరకే చెబుతాయి, 454 ఉందో లేదో చెప్పవు. ఫ్యాక్టరీలో బండికి అతికించిన బిల్డ్ షీటు ట్యాంకు పైనో సీటు కిందో దొరికితే అదృష్టం. ఇంజిన్ బ్లాకు మీద కొట్టిన అక్షరాలు, అక్కడే ఉండే ఛాసిస్ నంబరు ముక్క బండితో కలవాలి. ఆ చోట గీకి మళ్లీ కొట్టిన గుర్తులుంటే వదిలేసి రమ్మనండి.

ఫోర్డ్ వైపు మనసు మళ్లితే పని కొంచెం సులువు, నంబరులో ఐదో అక్షరం ఇంజిన్ చెబుతుంది. 1965 జీటీ350లో అది కె అయి తీరాలి. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ బండ్లకి మార్టీ రిపోర్ట్ అని దొరుకుతుంది, బండి ఏ రంగుతో, ఏ ఇంజిన్‌తో ఫ్యాక్టరీ దాటిందో అందులో ఉంటుంది. 1970, 71 ప్లిమత్, డాడ్జ్ అయితే ఐదో అక్షరం ఆర్ ఉంటేనే హెమీ.

రెండు బండ్ల ఛాసిస్ నంబర్లూ, బ్లాకు మీద అక్షరాల ఫొటోలూ పంపమనండి, చూసి చెబుతాను. కాగితాలు లేకుండా ఒరిజినల్ రేటు అడిగితే మాత్రం, బండి ఎంత బాగున్నా, మామూలు లెమాన్స్ రేటుకి మించి ఇవ్వొద్దు.